రష్యా అనుకున్న రీగా

విశాఖ మల్కాపురంలో ఆయన అసలు పేరు చెప్తే ఇల్లు దొరకదు. ‘రష్యా తాత’ అనాలి. అప్పుడు కిరాణా కొట్టువాడు కూడా కొట్టు వదిలి వీధి మలుపు దాకా వచ్చి చూపిస్తాడు. డాబా మీదకు పాకిన సన్నజాజి తీగ, వరండాలో మడత కుర్చీ, ముందు గదిలో టీవీ పక్కన గుడ్డ కప్పిన పాత ట్రాన్సిస్టర్. గుడ్డ తీస్తే చిన్న పెట్టెంత రేడియో, దాని ముఖం మీద రష్యన్ అక్షరాలు. ఆ వీధికి టేప్ రికార్డర్లు రాని కాలంలో సాయంత్రం పూట రేడియో సిలోన్ తెలుగు పాటలు వినిపించింది ఇదే. మాస్కో రేడియో వాళ్లు తెలుగులో వార్తలు చదివే రోజుల్లో వాటినీ వినిపించింది. ఆ రేడియోను బట్టే ఆయనకు ఆ పేరు వచ్చింది.

“ఇది రష్యాది కాదు బాబూ,” అన్నారాయన, నేను అక్షరాలు కూడబలుక్కుంటుంటే. “దీని పేరు స్పీడోలా. రీగాలో కొన్నాను, 1969లో. చేసింది కూడా రీగాలోనే. నేనూ ఇరవై ఏళ్లు రష్యా రేడియో అనే చెప్పుకున్నాను. తప్పు నాదే.”

నేను వెళ్లింది ఈ మాట కోసం కాదు. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిలో ఒకప్పుడు పనిచేసిన మనిషి కాబట్టి 1971 యుద్ధం గురించి, లోతు గురించి, భయం గురించి చెబుతారనుకున్నాను. మా విలేకరుల వృత్తిలో మాజీ సైనికుడంటే అంతే. పతకాలు, ఒక ఫొటో, ఒక గగుర్పాటు. ఆయన యుద్ధం గురించి రెండు ముక్కలు చెప్పి ఆపేశారు. అరేబియా సముద్రంలో గస్తీ, ఎదురుచూపు, మళ్లీ ఎదురుచూపు. ఆ తర్వాత మూడు ఆదివారాలు రీగా గురించే చెప్పారు. ఈ కథనం ఆ మూడు ఆదివారాలది. పేరు రాయొద్దన్నారు. రాయడం లేదు.

ఆయన ఊరు శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు వైపు. ఇంటిల్లిపాదీ వేటకెళ్లే కుటుంబం. 1964లో పదిహేడేళ్ల వయసులో నేవీలో కుర్రాళ్ల భర్తీకి వచ్చి విశాఖలోని ఐఎన్ఎస్ సర్కార్స్‌లో చేరారు. మూడేళ్లు పైనౌకల ఇంజన్ గదుల్లో స్టోకర్‌గా గడిపాక జలాంతర్గాములకు మనుషులు కావాలంటే చేయెత్తారు. అదనపు అలవెన్సు ఉందని ఎవరో చెప్పారట. సెలవుకు వెళ్లి ఇంట్లో చెబితే తండ్రి వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే అడిగాడు: “నీటి మీద బతకడం సాలదా? నీటడుక్కెందుకురా?”

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర అప్పుడు జవాబు లేదు. దేశం దగ్గర మాత్రం ఉంది. జలాంతర్గాములు నడిపే విద్య కోసం మనవాళ్లు అరవైల మొదట్లోనే బ్రిటన్ వెళ్లి నేర్చుకున్నారు. బోట్లు కూడా అక్కడే కొనాలనుకున్నారు. బేరం కుదరలేదు. 1965 సెప్టెంబరులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. నాలుగు బోట్లు. జలాంతర్గామిని నావికులు ఓడ అనరు, బోటు అనే అంటారు. ఈయన కూడా ఎంత పెద్దదైనా బోటే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. మొదటిది కల్వరి. 1967 డిసెంబరు 8న రీగా రేవులో దాని మీద మన జెండా ఎగిరింది. నేవీ ఏటా జలాంతర్గామి దినోత్సవం జరుపుకునేది ఆ తేదీనే. తర్వాత ఖందేరి, కరంజ్, చివరకు కుర్సురా. నాలుగింటికీ పురుడు పోసిన రేవు ఒక్కటే.

భారత జలాంతర్గామి దళం పుట్టిన ఊరు ఏదంటే మనం తడుముకోకుండా విశాఖ అంటాం. పెరిగిన ఊరు విశాఖ. పుట్టింది మాత్రం బాల్టిక్ సముద్రానికి చేరువలో, మనలో చాలామంది పటంలో వెతుక్కోవలసిన చోట.

రీగా సముద్రం ఒడ్డున లేదు. దౌగవా అనే నది మీద, సముద్రానికి సుమారు 15 కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. వేటకెళ్లే ఇంటి పిల్లవాడికి ఊరు చూడగానే వంశధార గుర్తుకొచ్చింది. కళింగపట్నం దగ్గర ఏరు సముద్రంలో కలిసే చోటు గుర్తుకొచ్చింది. నది నోటి దగ్గరకు వెళ్లినప్పుడు ఎవరూ చూడకుండా వంగి దోసెట్లో నీళ్లు తీసుకుని నోట్లో వేసుకున్నారట. “సప్పగా ఉంది బాబూ. సముద్రమని సెప్పి మోసం చేసినట్టు అనిపించింది.”

మోసం కాదు. బాల్టిక్‌లోకి నదులు ఎక్కువ, బయటి సముద్రంతో దారి ఇరుకు. రీగా సింధుశాఖలో ఉప్పు, మహాసముద్రంలో ఉండే ఉప్పులో ఆరో వంతు ఉంటే గొప్ప. ఈ సంగతి నాలుకకే కాదు, బోటుకూ ముఖ్యం. జలాంతర్గామి నీళ్లలో తేలకుండా, మునగకుండా త్రాసులో ముల్లులా నిలబడాలి. నీటి బరువు మారితే ఆ లెక్క తప్పుతుంది. బాల్టిక్ చప్పటి నీళ్లలో సరిగ్గా నిలబడిన బోటు అట్లాంటిక్ ఉప్పునీళ్లలోకి వెళ్తే పైకి లేస్తుంది. ఆ రెండు నీళ్ల బరువుకూ తేడా రెండు శాతమే. కానీ మునిగినప్పుడు 2,475 టన్నులుండే బోటుకు రెండు శాతమంటే యాభై టన్నుల నీళ్లు కొత్తగా లోపలికి తీసుకోవాలి. “ఉప్పు తెలిసినోడికే బోటు మాట వింటాది,” అన్నారు. వాళ్ల నాన్నకు ఈ సంగతి చెబితే బాగుండేదని కూడా అన్నారు. చెప్పారా అని అడిగితే నవ్వేశారు.

చలి గురించి ఎవరైనా చెప్తారు కాబట్టి ఆయన తక్కువే చెప్పారు. చెవులు కప్పే బొచ్చు టోపీ, ఫెల్ట్ బూట్లు, చేతి తొడుగు మర్చిపోయి ఇనప రెయిలింగు పట్టుకుంటే అరచేతి తోలు దానికే అంటుకోవడం. ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది చలి కాదు, వెలుగు. డిసెంబరులో రీగాలో పగలు ఏడు గంటలు కూడా ఉండదు. పొద్దున్నే చీకట్లో బోటులోకి దిగితే లోపల ఎలాగూ ఎండ లేదు. పైకి వచ్చేసరికి మళ్లీ చీకటి. ఎండ చూడాలంటే లిబర్టీ దొరకాలి. లిబర్టీ అంటే నావికుడికి ఊళ్లోకి వెళ్లే అనుమతి.

రష్యన్ కొంత వచ్చు. సోవియట్ బోట్ల మీదకు వెళ్లేవాళ్లు నేర్చుకోవలసిందే. వాల్వుల మీద రేకు బిళ్లలన్నీ ఆ భాషలోనే ఉంటాయి. అత్క్రీత్ అంటే తెరువు, జక్రీత్ అంటే మూయి. ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. అంకెలు ముందుగా నేర్పారు. అదీన్, ద్వా, త్రీ, చితీరి. వీటితో, ‘స్పసీబ’ అనే థ్యాంక్స్‌తో ఊళ్లో పడ్డారు.

మొదటి లిబర్టీకి వెళ్లింది బజారుకు. రీగా సెంట్రల్ మార్కెట్ అంటే మామూలు బజారు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు జెప్పలిన్ అనే గాలి ఓడల కోసం కట్టిన షెడ్లను 1920ల్లో విప్పి, తెచ్చి, రీగా రైల్వే స్టేషన్ వెనక ఐదు పెద్ద మంటపాలుగా నిలబెట్టారు. 1930లో బజారు తెరిచారు. మాంసానికి ఒకటి, పాలు వెన్నకు ఒకటి, కూరగాయలకు ఒకటి, చేపలకు ఒకటి. ఆకాశంలో తిరగాల్సిన ఓడల ఇళ్లలో క్యాబేజీ అమ్మడం ఆయనకు ఇప్పటికీ నవ్వే.

చేపల మంటపంలోకి వెళ్లగానే కాళ్లు ఆగిపోయాయట. వాసన. పొగబెట్టిన చేప. వరసగా ఇనప చువ్వలకు గుచ్చి బంగారు రంగులో వేలాడుతున్న చిన్న చిన్న చేపలు, స్ప్రాట్లు. “మన నెత్తళ్లే బాబూ. మనం ఎండబెడతాం, ఆళ్లు పొగబెడతారు. అంతే తేడా. నాకు ఏడుపొచ్చింది.” తర్వాత నల్లటి రై రొట్టె మధ్యలో ఆ చేపలు పెట్టుకుని తినడం అలవాటైంది. తిన్న ప్రతిసారీ పచ్చిమిరపకాయ లేదే అనుకునేవారట.

ఆ బజార్లోనే ఆ ముసలమ్మ.

ఆపిల్ పళ్లు అమ్మేది. తలకు గుడ్డ కట్టుకుని, ముందు తక్కెడ పెట్టుకుని. ఈయన రష్యన్‌లో అడిగారు. ఆమె జవాబివ్వలేదు. ధర కాగితం మీద రాసి చూపించింది. డబ్బు ఇచ్చి ‘స్పసీబ’ అన్నారు. ఆమె పక్కకు చూసింది. నల్లగా ఉన్నానని కాబోలు అనుకున్నారట. బొంబాయిలో, కొచ్చిలో కొన్ని చూపులు ఎరిగిన మనిషి. రెండోసారి వెళ్లినప్పుడు ఆమె పళ్లను సంచిలో వేస్తూ తనలో తాను లెక్కపెట్టుకోవడం విన్నారు. వియెన్స్, దివి, త్రీస్, చెత్రి. అది నేర్పిన రష్యన్ కాదు.

వేటకెళ్లే ఇంట్లో పుట్టినవాడికి తిథులు నోటికి వస్తాయి. ఆటుపోట్లు వాటిని బట్టే కదా. పాడ్యమి, విదియ, తదియ, చవితి. దివి అనగానే విదియ అన్నట్టు, చెత్రి అనగానే చవితి అన్నట్టు వినపడింది. అప్రయత్నంగా, తెలుగులో, గట్టిగా, “విదియ, తదియ, చవితి” అన్నారట. ముసలమ్మ తలెత్తింది. ఏదో అడిగింది. అర్థం కాలేదు. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని ‘ఇండియా’ అన్నారు. ఆమె తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఒక్కో అక్షరం విడదీసి, ‘లాత్వియా’ అంది. అప్పుడు మొదటిసారి నవ్వింది. ఒక పండు ఎక్కువ వేసింది. పల్దియెస్ అనే మాట నేర్పింది. అంటే థ్యాంక్స్.

భాషా శాస్త్రం చదివినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. లాత్వియన్, మన తిథుల పేర్లకు మూలమైన సంస్కృతం దూరపు చుట్టాలు. నిప్పును వాళ్లు ఉగున్స్ అంటారు, పొగను దూమి అంటారు, దేవుణ్ణి దియెవ్స్ అంటారు. రష్యన్ కూడా అదే పెద్ద కుటుంబంలోదే. కానీ బజార్లో ఆ క్షణాన చుట్టరికం ఎవరిది ఎంత అన్నది కాదు విషయం. తన మాట తనదని ఒక మనిషి చెప్పుకోవడం.

ఆయనకు అది అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. “పల్లెటూరి ముసలమ్మ, యాస మాట్లాడుతోంది అనుకున్నాను. మన దగ్గర శ్రీకాకుళం యాస, గోదావరి యాస లేవా, అలాగ. రష్యాలో ఒక యాస అనుకున్నాను.” ఇక్కడ ఆయన ఆగి, నాకు ఇంకో సంగతి చెప్పారు. మెస్ డెక్‌లో ఉత్తరాది నావికులు ఈయన్ని మద్రాసీ అని పిలిచేవారు. విజయవాడ వాడైనా, తిరుచ్చి వాడైనా, త్రిశూర్ వాడైనా అందరూ మద్రాసీలే. ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయి పదహారేళ్లయిందని, తను తెలుగువాణ్ణని చెప్పి చెప్పి, ఒకసారి చొక్కా పట్టుకునే దాకా వెళ్లారు. “అలాంటోణ్ణి, ఇంటికి రాసిన ఉత్తరంలో ఏం రాశానో తెలుసా? రష్యా ముసలమ్మ ఆపిల్ పండు ఊరికే ఇచ్చింది అని.”

రీగా పాత ఊరు చూడటానికి అందంగా ఉంటుంది. రాళ్లు పరిచిన సందులు, ఎత్తయిన ఇరుకు ఇళ్లు. సోవియట్ సినిమా వాళ్లకు అది బంగారు గని. పశ్చిమ ఐరోపా వెళ్లడం కుదరదు కాబట్టి బెర్న్ కావాలన్నా, లండన్ కావాలన్నా రీగాలోనే తీసేవారు. 1973లో వచ్చిన ‘వసంతంలో పదిహేడు క్షణాలు’ గూఢచారి సీరియల్లో స్విట్జర్లాండ్ వీధి, తర్వాత వచ్చిన షెర్లాక్ హోమ్స్ సినిమాల్లో బేకర్ స్ట్రీట్ రెండూ రీగాలోని యౌనియెలా అనే ఒక్క సందే. ఊరు తనలా తప్ప అన్ని ఊళ్లలాగా నటించింది.

ఆ ఊళ్లో ఈయన చూసినవాటిలో రెండు బొమ్మలు, ఒక గుడి. సెయింట్ పీటర్ చర్చి శిఖరం 1941 యుద్ధంలో కాలిపోయింది. ఈయన ఉన్నప్పుడు కొత్తది ఇంకా పూర్తి కాలేదు. ఇవాళ రీగా పాత ఊరి ఫొటోల్లో పైకి కనిపించే 123 మీటర్ల శిఖరం అదే. లిఫ్టులో పైకి వెళ్లి చూసే వీలు 1973లో వచ్చింది. “నేను చూసిన రీగాకు తల లేదు,” అన్నారు. ఈ మాట రాసుకుంటుంటే, ఇది ఆయన ముందే అనుకున్న మాటా, అప్పటికప్పుడు వచ్చిందా అనిపించింది. ముసలివాళ్లు చెప్పిన కథే చెబుతూ నునుపు చేస్తారు. అయినా బాగుంది కాబట్టి ఉంచుతున్నాను.

బొమ్మల్లో ఒకటి లెనిన్‌ది. ఊళ్లోని పెద్ద వీధిలో, తూర్పుకు మొహం పెట్టుకుని. అదే వీధిలో కొంచెం దూరాన 42 మీటర్ల ఎత్తు స్తంభం, దాని మీద రెండు చేతులా మూడు నక్షత్రాలు పైకెత్తిన స్త్రీ. లెనిన్‌కు వీపు తిప్పి, పడమటికి మొహం పెట్టి. వెంట వచ్చిన దుబాసీ చెప్పాడట: మూడు నక్షత్రాలు మూడు బాల్టిక్ రిపబ్లిక్కులు, ఎత్తి పట్టుకున్న తల్లి సోవియట్ దేశం. ఈయన నమ్మారు. నమ్మక ఏం చేస్తారు?

ఆ స్తంభం 1935లో లాత్వియన్లు చందాలు వేసుకుని కట్టుకున్న స్వాతంత్ర్య స్మారకం. మూడు నక్షత్రాలు వాళ్ల దేశంలోని మూడు ప్రాంతాలు. కింద రాతి మీద ‘తండ్రి నేలకు, స్వేచ్ఛకు’ అనే అర్థంలో రెండు మాటలు చెక్కి ఉన్నాయి. 1918 నవంబరు 18న స్వతంత్రం ప్రకటించుకున్న లాత్వియాను 1940లో సోవియట్ సైన్యం ఆక్రమించింది. తర్వాతి ఏడాది జర్మన్లు వచ్చారు, మళ్లీ సోవియట్లు వచ్చారు. ఒక్క 1949 మార్చిలోనే 40 వేల మందికి పైగా లాత్వియన్లను రైళ్లెక్కించి సైబీరియా పంపారు. ఆ స్తంభం దగ్గర పువ్వు పెడితే పోలీసులు పట్టుకెళ్లేవారు. దాన్ని అక్కడివాళ్లు లోలోపల ట్రావెల్ ఏజెన్సీ అనేవారు. పువ్వు పెడితే సైబీరియాకు టికెట్, తిరుగు ప్రయాణం ఉండదు.

ఒక నవంబరు సాయంత్రం ఆ దారిన వస్తుంటే స్తంభం చుట్టూ మంచులో మిలీషియా వాళ్లు, అంటే అక్కడి పోలీసులు, నిలబడి ఉన్నారట. చుట్టుపక్కల జనం లేరు. గొడవ లేదు. ఉత్తి స్తంభానికి అంత కాపలా ఎందుకో ఈయనకు, పక్కనున్న పంజాబీ నావికుడికి అర్థం కాలేదు. జీతాలు ఎక్కువై నిలబెట్టారని నవ్వుకుంటూ వచ్చేశారు. తేదీ గుర్తులేదు. గుర్తులేకపోయినా ఇప్పుడు ఆయనకు తెలుసు.

1969 డిసెంబరు 18. కుర్సురా మీద మన జెండా ఎగిరిన రోజు. కమాండర్ ఎ. ఆడిట్టో మొదటి కమాండింగ్ ఆఫీసర్. డెక్కు మీద మంచు ఊడ్చి, వరసలో నిలబడితే కళ్లల్లోంచి నీళ్లు కారి రెప్పల మీదే గడ్డకట్టాయట. చలికా, ఉద్వేగానికా అంటే, “రెండింటికీ ఒక్కటే నీళ్లు గదా,” అన్నారు. 91 మీటర్ల బోటు, 75 మంది మనుషులు, ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు, మూడు డీజిల్ ఇంజన్లు. ఆ మూడింటి మధ్యే ఈయన కాపురం.

ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ అప్పటిదాకా దాచారు. రేకు డబ్బా, నూనె మూతి దాకా పోసి, మూత చుట్టూ మైనం పెట్టి అమ్మ ఇచ్చింది. బోటు నీటి అడుగున ఉండి డీజిల్ ఇంజన్లు నడపాలంటే స్నార్ట్ అనే గొట్టం పైకి పెట్టి గాలి పీల్చుకోవాలి. అల వచ్చి గొట్టం మూతిని కప్పితే వాల్వు ఠక్కున మూసుకుంటుంది. ఇంజన్లు మాత్రం ఆగవు. బోటులో ఉన్న గాలినే లాగేస్తాయి. చెవులు దిమ్మెక్కుతాయి. లోపల ఒత్తిడి పడిపోయేసరికి డబ్బాలో ఇరుక్కున్న గాలి ఉబ్బి మూతను లేపేసింది. నూనె బంకు మీద, కింది బంకు మీద, ఆ కింద పడుకున్న లీడింగ్ స్టోకర్ మీద. ఆ బోటులో డీజిల్ వాసన తప్ప ఇంకో వాసన బతకదని పేరు. వారం రోజులు ఆవకాయ బతికింది.

1970 ఫిబ్రవరిలో బాల్టిక్ నుంచి బయల్దేరారు. అప్పటికి దాదాపు మూడేళ్లుగా సూయెజ్ కాలువ మూతపడి ఉంది. 1967 యుద్ధంలో మూసిన కాలువ 1975 దాకా తెరుచుకోలేదు. కాబట్టి ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్, స్పెయిన్‌లో లా కొరున్యా, జిబ్రాల్టర్ జలసంధి దగ్గర సెవుటా, ఘనాలో టాకొరాడి, తర్వాత మారిషస్. ఒక్కో రేవుకు ఒక్కో కథ ఉండాలి కదా అని అడిగాను. ఉన్నాయట కానీ అవి అందరు నావికుల కథలేనట. మారిషస్‌లో రోడ్డు మీద తెలుగు మాట వినపడి ఉలిక్కిపడ్డానన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్ల మనవలు అక్కడున్నారు. దాన్నీ ఒక్క మాటలో ముగించేశారు. మనసు ఇంకా రీగా దగ్గరే ఉంది.

ఇంటికి తెచ్చినవి రెండు. స్పీడోలా ఒకటి. రెండోది అంబరు పూస. పురాతన కాలపు చెట్ల బంక కోట్ల ఏళ్లు భూమిలో ఉండి రాయైతే, బాల్టిక్ అలలు దాన్ని ఒడ్డుకు తోస్తాయి. తేనె రంగు. రీగా బజార్లో కొని, అమ్మకు మెడలో వేసుకోమని ఇచ్చారు. అమ్మ దాన్ని వేలితో రుద్ది, వాసన చూసి, “ఇది గుగ్గిలం కదరా” అంది. సాయంత్రం దీపం పెట్టాక నిప్పుల మీద వేసింది. “మంచి వాసనే వచ్చింది బాబూ. ఏటి సేస్తాం. ఆవిడ సెప్పింది తప్పు కాదు కూడా.”

పదిహేనేళ్ల సర్వీసు అయ్యాక 1979లో బయటికొచ్చారు. విశాఖ ఉక్కు కర్మాగారానికి సోవియట్ సహకారం ఒప్పందం ఆ ఏడాదే కుదిరింది. నిర్మాణం సాగే రోజుల్లో రష్యన్ వచ్చిన మెకానిక్‌ను ఎవరు వదులుకుంటారు? చేరారు. అక్కడికి వచ్చిన సోవియట్ నిపుణుడొకతనితో, నేను మీ రీగాలో ఉన్నాను అని గొప్పగా చెప్పారు. అతను ఉక్రెయిన్ వాడు. మా రీగా కాదు, మాకూ అది విదేశంలాగే ఉంటుంది అన్నాడట. మళ్లీ గొంతు తగ్గించి, నేను రష్యన్ కూడా కాదు అన్నాడట.

“అప్పుడు తగిలింది బాబూ,” అన్నారు. “ఇంతమంది ఉన్నారా, మద్రాసీలు.”

1989 ఆగస్టు 23న టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా 600 కిలోమీటర్లకు పైగా, ఇరవై లక్షల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు వాళ్ల దేశాలను రహస్యంగా పంచుకున్న ఒప్పందానికి ఆ రోజుతో యాభై ఏళ్లు. ఆ వార్త ఆయన స్పీడోలాలోనే విన్నారట, బీబీసీలో. రీగాలో పుట్టిన రేడియో రీగా గురించి చెప్పింది. అప్పటికి సొంత దేశంలో లాత్వియన్లు నూటికి 52 మంది. రీగా నగరంలో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. 1991 ఆగస్టులో మాస్కోలో కుట్ర విఫలమైన రోజుల్లోనే లాత్వియా స్వతంత్రమైంది. లెనిన్ బొమ్మను దించేశారు. మూడు నక్షత్రాల ఆవిడ అలాగే ఉంది, పడమటికి చూస్తూ. స్పీడోలా అన్నది కూడా లాత్వియన్ జాతీయ కావ్యంలోని ఒక మాయావిని పేరని ఈయనకు మనవరాలు ఫోన్లో చూసి చెప్పే దాకా తెలియదు.

మూడో ఆదివారం ఆయన్ని కుర్సురాకు తీసుకెళ్లాను. 2001 ఫిబ్రవరి 27న సేవ ముగించేనాటికి 73,500 నాటికల్ మైళ్లు తిరిగిన బోటు. ఇసుక మీదకు లాగి, మ్యూజియంగా మార్చి, 2002 ఆగస్టులో తెరిచారు. లోపల గైడ్లు కూడా నేవీ నుంచి వచ్చినవాళ్లే. ఈయన తనెవరో చెప్పలేదు. గుండ్రటి తలుపుల్లోంచి నేను తల కొట్టుకుంటూ, ఆయన కొట్టుకోకుండా నడిచాం. ఇంజన్ల దగ్గర ఒక కుర్రాడు అమ్మను అడుగుతున్నాడు, ఈ బోటు ఎక్కడ చేశారని. రష్యాలో అని ఆమె చెప్పింది. ఈయన నోరు తెరిచి మళ్లీ మూసుకున్నారు. బోటు కట్టింది లెనిన్‌గ్రాడ్‌లో. ఆమె చెప్పింది సరైనదే.

బయటికొచ్చాక రోడ్డుకు అవతల నిలబెట్టిన టీయూ-142 విమానం వైపు చూశారు. అదీ సోవియట్ కాలపుదే. అది ఎక్కడ చేశారో ఎవరు చేశారో అని గొణుక్కున్నారు.

తిరిగి వచ్చేసరికి ఇంటి ముందు పక్కింటావిడ కాచుకుని ఉంది. కొడుక్కి రీగాలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. వచ్చే నెల ప్రయాణం. ఇప్పుడు మన పిల్లలు అక్కడ చాలామందే చదువుతున్నారు. తాతగారు అక్కడ ఉన్నారు కాబట్టి నాలుగు మాటలు చెప్తారని వచ్చింది.

“రష్యన్‌లో ఏం నేర్చుకోమంటారండీ, మావాణ్ణి?”

“రష్యన్ కాదమ్మా. ఆళ్ల మాట ఆళ్లకుంది. బజారుకెళ్తే స్పసీబ అనొద్దని సెప్పు. పల్దియెస్ అనమను.”

ఆవిడ ఫోన్లో రాసుకుంది. రెండుసార్లు పలికించుకుంది. చలికి ఏం కొనాలి, బియ్యం దొరుకుతాయా, ఇవన్నీ అడిగి, వెళ్లబోతూ గేటు దగ్గర ఆగి, పచ్చడి పెట్టి పంపిస్తున్నానని చెప్పింది.

ఆయన కుర్చీలోంచి లేచారు.

“ఆవకాయేనా? నూనె మూతి దాకా పోయకమ్మా.”